మహానటుడు చిత్తూరు నాగయ్యగారి జీవితము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలలో కవుల జీవితములను, దేశభక్తుల జీవితములను ప్రకటించుట ఆచారము. ఒక చలనచిత్ర నటుని జీవితమును ఇందు చేర్చుట యెందులకని పాఠక మహాశయులలో కొందరు ప్రశ్నింపవచ్చును. సమాధానము కష్టము కాదు. మన పల్లెలలో పోతన భాగవతమును స్వయముగా చదివినవారి కంటె, పరులు చదువగా విని ఆనందించినవారే యెక్కువ. వేమన పద్యములు నోటికి వచ్చినవారందరును అక్షరములు వచ్చినవారు కారు. అట్టి వృద్ధులను చేరి పోతన యెట్లుండెడివాడని, త్యాగరాజు యెట్లుండెడివాడని అడిగినచో వారి కన్నులయెదుట నిలుచు రూపము నాగయ్యగారి రూపమే. గ్రంథము చేరలేని గుమ్మమునకు తెర చేరినది. ఆ తెరమీద మన కవులకును, భక్తులకును ముఖమిచ్చినవారు నాగయ్యగారు. ఈ కారణముచేత వారి కథ గ్రంథాలయమునకు పరాయిది కాదు.

జననము, యౌవనము

నాగయ్యగారు 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన, రేపల్లెలో జన్మించిరి. ఆ ఊరు నేడు బాపట్ల జిల్లాలో నున్నది. వారి యింటిపేరు ఉప్పలదడియము. కాని ఆ యింటిపేరుతో వారిని ఎరిగినవారు అరుదు. చిత్తూరు సీమలో పెరిగి, చిత్తూరులోని రామవిలాస సభవారి నాటకములలో పాడి, నటించి పేరు పొందుటచే, ఆ పట్టణమే వారికి ఇంటిపేరైనది. జన్మమిచ్చిన ఊరికంటె కళనిచ్చిన ఊరు పేరులో నిలుచుట ఒక విశేషము.

ఆ దినములలో నాటకమనగా పద్యము, పాట. నటుని గొంతు చివరి వరుసలో కూర్చున్నవానికి కూడ వినబడవలెను. నాటికి మైకులు లేవు. ఒక్క రాగమును పది నిమిషములు సాగదీసినవానికి చప్పట్లు, మరల పాడుమని కేకలు. అట్టి రంగస్థలమునుండి వచ్చియు, తరువాత తెరమీద అంత నెమ్మదిగా, అంత మితముగా మాటాడగలుగుట నాగయ్యగారి ప్రత్యేకత. దీనిని ముందు ముందు మరల ప్రస్తావింతుము.

బ్రతుకు తెరువునకై వారు గుమాస్తాగా కొంతకాలము పనిచేసిరి. పత్రికా రచనలోను ప్రవేశముండెను. గాంధీ మహాత్ముని ఉద్యమము వారిని ఆకర్షించెను. ఇంతలో గృహజీవితమున దెబ్బపై దెబ్బ తగిలినది. యౌవనములోనే భార్యావియోగము సంభవించినది. విరక్తి జనించి తిరువణ్ణామలై చేరి, రమణ మహర్షి ఆశ్రమమున కొంతకాలము గడపిరి. సన్న్యాసమునకు సిద్ధమైన మనస్సును మిత్రులు మరలించి లోకములోనికి తీసికొనివచ్చిరి. తరువాతి కాలమున వారు ధరించిన విరాగుల పాత్రలకు ఆ ఆశ్రమవాసము చాటున నున్న గురుకులమనదగును. వేషము వేసికొన్న సాధువునకు, ఒకప్పుడు నిజముగా సాధువు కాదలచినవానికి భేదము తెలియనివారెవరు?

తెరపై ప్రవేశము

తొలి తెలుగు మాటల చిత్రము భక్త ప్రహ్లాద 1932లో విడుదలయ్యెను. దాని దర్శకులు హెచ్.యం. రెడ్డిగారే. ఆరు సంవత్సరముల పిమ్మట, 1938లో, ఆయన గృహలక్ష్మి యను సాంఘిక చిత్రమును నిర్మించిరి. అందు కన్నాంబ, కాంచనమాల ప్రధాన పాత్రధారిణులు. కన్నాంబ సోదరుడైన గోపీనాథుని పాత్రలో నాగయ్యగారు తొలిసారిగా తెరమీద కనబడిరి. త్రాగుడు వలన ఒక సంసారము ఎట్లు కూలునో చెప్పు కథ యది. త్రాగుడు మానుమని గోపీనాథుడు పాడిన పాట చిత్రము దాటి జనుల నోళ్ళకెక్కినది. కథానాయకుని కంటె ఆ చిన్న పాత్రధారియే ప్రేక్షకుల మనస్సులో మిగిలెను.

ఆ కాలమునకు మన ప్రాంతపు స్థితిని పాఠకులు ఒకసారి తలచుకొందురు గాక. నిజాంసాగరు నీరు పారి, బోధనులో చక్కెర కర్మాగారము వెలసిన దశాబ్దమది. మన పోచంపాడు వద్ద గోదావరికి ఆనకట్ట ఊహలో కూడ లేదు. మన పాఠశాలలలో ఉర్దూయే బోధనాభాష. అట్టి రోజులలో తెలుగు మాట, తెలుగు పాట, తెలుగు పద్యము తెరమీదినుండి వినబడుట వినోదము మాత్రమే కాదు. అది మన భాషకు మన చెవిలో లభించిన గౌరవము.

వాహినివారి చిత్రములు

గృహలక్ష్మి తరువాత బి.యన్. రెడ్డిగారు, మూలా నారాయణస్వామిగారు మొదలగువారు కలసి వాహినీ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ తొలి చిత్రము వందేమాతరము, 1939లో వచ్చినది. చదువుకొని ఉద్యోగము దొరకని యువకుడు రఘు. అతడు పట్టణము చేరి, లాటరీలో ధనము రాగా, దానితో నిరుద్యోగులకు పని కల్పించు పరిశ్రమను స్థాపించును. నాగయ్యగారు రఘువు, కాంచనమాల అతని భార్య జానకి. డిగ్రీ చేతబట్టుకొని తిరుగు యువకుని బాధను తెలుగు తెర చూపుట అప్పటికి క్రొత్త. నేటి యువకులు ఆ చిత్రమును చూచినచో దుస్తులు మారినవి గాని సమస్య మారలేదని గ్రహింపగలరు. లాటరీ తగులుట మాత్రము కథకుని సౌకర్యమనియు, నిజజీవితమున అట్టి ద్వారము తెరచుకొనుట అరుదనియు చెప్పక తప్పదు.

మరుసటి సంవత్సరమే, 1940లో, సుమంగళి వచ్చెను. వీరేశలింగం పంతులుగారి జీవితము స్ఫూర్తిగా తీసిన ఆ చిత్రమున నాగయ్యగారు వృద్ధుడైన సంఘసంస్కర్త. వితంతు వివాహము దాని విషయము. నిన్న ప్రియుడుగా పాడినవాడు నేడు నెరసిన తలతో కనబడుటకు ఏ నటుడు అంగీకరించును? నాగయ్యగారికి అప్పుడు ముప్పదియారేండ్లు. కీర్తి వచ్చిన మొదటి యేడే నాయకత్వమును వదలి ముసలివాని వేషము కట్టుటకు ధైర్యము కావలెను. తన అందముపై మమకారము లేనివాడే ఆ పని చేయగలడు.

1941లో వచ్చిన దేవత మరియొక మెట్టు. విలాయతునుండి బారిష్టరు చదువు ముగించి వచ్చిన వేణుగోపాలరావు తన యింటి పనిపిల్ల లక్ష్మిని మోసగించి, పిదప పశ్చాత్తాపపడును. ఇచట నాయకుడే దోషి. దోషిని దుష్టునిగా చిత్రించుట సులభము. సజ్జనుడు కూడ దోషము చేయగలడని చూపుట కష్టము. నాగయ్యగారి బారిష్టరును చూచువారికి కోపమును, జాలియు ఒకేసారి కలుగును. ఈ చిత్రములకు సంగీతము కూర్చుటలోను వారి హస్తమున్నది. నటుడు, గాయకుడు, సంగీతకర్త ఒక్కడేయైన కాలమది.

పోతన

మన తెలంగాణా ప్రజలకు మిక్కిలి ప్రియమైన చిత్రము భక్త పోతన. 1942లో నిర్మింపబడి, 1943 ప్రారంభమున విడుదలయ్యెను. పిమ్మట మాయాబజారు వంటి చిత్రములతో శాశ్వత కీర్తి పొందిన కె.వి. రెడ్డిగారికి దర్శకుడుగా ఇదియే మొదటిది. శ్రీనాథుడుగా జంధ్యాల గౌరీనాథశాస్త్రిగారు, పోతనగా నాగయ్యగారు. వైభవమునకు శ్రీనాథుడు, వైరాగ్యమునకు పోతన. ఈ ఇరువురిని ఎదురెదురుగా నిలుపుటయే ఆ చిత్రపు ప్రాణము.

పోతన మన ఓరుగల్లు సీమవాడు. ఆయన బమ్మెర గ్రామము నేటి జనగామ జిల్లాలో నున్నది. నాగలి పట్టి, గంటము పట్టి, రాజునకు కృతినీయనని నిలిచిన కవిగా జనము ఆయనను తలచుకొందురు. దున్నుకొని బ్రతుకువాడు రాజును కాదనుట వినుటకు కథ. ఆ కాలపు మన రైతునకు మాత్రము అది కథకంటె ఎక్కువ. దేశముఖుల గడీల ముందు చేతులు కట్టుకొని నిలువవలసిన రోజులలో, చేతులు కట్టుకొనని ఒక రైతును తెరమీద చూచుట ఎట్టి ధైర్యము నిచ్చియుండునో మనము ఊహింపవచ్చును. నాగయ్యగారి పోతన ఒక్క మాటయు గట్టిగా అనడు. బెదిరింపు లేదు, శాపము లేదు. వినయముతోనే నిరాకరించును. ఆ వినయమును ఏ అధికారమును వంచలేదని ప్రేక్షకునకు తెలిసిపోవును.

1966లో గుమ్మడి వెంకటేశ్వరరావుగారు పోతనగా నటించిన మరియొక చిత్రము వచ్చెను. గుమ్మడి గొప్ప నటుడు. ఐనను జనము మనస్సులో నున్న పోతన స్థానము మారలేదు. ముందు వచ్చినవారికి కలుగు లాభము కొంత ఉండవచ్చును. నాగయ్యగారు స్వయముగా పాడగలుగుట అంతకంటె పెద్ద కారణము. పద్యము తన గొంతునుండియే పుట్టునప్పుడు ముఖమును, శ్వాసయు, మాటయు ఒక్కటియగును. వేరొకరు పాడగా పెదవి కదలించునప్పుడు ఎంత నేర్పరికైనను ఆ ఐక్యము కుదురుట కష్టము.

త్యాగయ్య, వేమన

పోతన విజయము నాగయ్యగారిని స్వంత నిర్మాణమునకు ప్రోత్సహించినది. రేణుకా సంస్థను స్థాపించి, 1943లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున భాగ్యలక్ష్మిని నిర్మించిరి. ఒకరు నటింప మరియొకరు పాడు నేపథ్యగాన పద్ధతికి తెలుగు చిత్రములలో ఆది ఇదియేనని చెప్పుదురు. కమలా కోట్నీసు నటింప, రావు బాలసరస్వతీదేవి పాడిరి. స్వయముగా పాడు నటులలో అగ్రగణ్యులైన నాగయ్యగారి సంస్థయే ఈ క్రొత్త పద్ధతికి తలుపు తీయుట చిత్రముగా తోచును. పాట రాని నటునకు కూడ దాని వలన తెరపై చోటు దొరకినది.

1945 వారి జీవితమున నిండు సంవత్సరము. బి.యన్. రెడ్డిగారి స్వర్గసీమలో ఇల్లు, ఇల్లాలిని మరచి నాటకరంగపు మెరుపు వెంట పోయిన సంపాదకుని పాత్ర. అందు భానుమతిగారు మెరుపైనచో, నాగయ్యగారు ఆ మెరుపునకు కన్నులు చెదరిన గృహస్థుడు. అదే యేడు తమిళమున ఎల్లిసు డంగను దర్శకత్వమున మీరా విడుదలయ్యెను. యం.యస్. సుబ్బులక్ష్మిగారు మీరాయైన ఆ చిత్రమున మేవాడు రాణాగా నాగయ్యగారు నటించిరి. 1947లో వచ్చిన హిందీ మీరాను ప్రేక్షకులకు పరిచయము చేసినవారు మన హైదరాబాదు ఆడబిడ్డ సరోజినీదేవి. మీరా గానము ముందు రాణా పాత్ర సులభముగా మరుగున పడవలసినది. భార్య భక్తిని అర్థము చేసికొనలేకయు, ఆమెను ద్వేషింపలేకయు నలిగిపోవు భర్తగా నాగయ్యగారు ఆ పాత్రకు ప్రాణము పోసిరి.

1946లో త్యాగయ్య వెలువడినది. నిర్మాత, దర్శకుడు, నాయకుడు, గాయకుడు సర్వము నాగయ్యగారే. తంజావూరు ప్రభువుల కానుకలను తిరస్కరించి, ఉంఛవృత్తితో జీవించి, రాముని పాడుకొన్న త్యాగరాజస్వామి కథ యది. కర్ణాటక సంగీతము తెలియని పల్లెవాడు కూడ ఆ చిత్రమున కీర్తనలు విని కన్నీరు పెట్టెననుట అతిశయోక్తి కాదు. శాస్త్రజ్ఞులు వారి సంగీతమున పాండిత్యము కొలువవచ్చును. సామాన్యునకు కావలసినది భావము, అది వారి గొంతులో పుష్కలము. 1981లో బాపుగారు సోమయాజులుగారితో మరల త్యాగయ్యను తీసిరి. ఆ చిత్రమునకు రంగులు, కావేరీ తీరపు శోభ ఉన్నవి. పాత చిత్రమున రంగులు లేవు. ఒక మనిషి దేవునితో ఏకాంతమున మాటాడుకొనుచుండగా మనము చాటునుండి వినుచున్నట్లుండును. ఈ రెండింటిని చూచినవారిలో అనేకులు పాతదానికే మ్రొక్కుదురు. ఈ వ్యాసకర్త అభిప్రాయమును అదియే.

1947లో యోగి వేమన. దర్శకులు మరల కె.వి. రెడ్డిగారు. వెలయాలి మోజులో పడిన విలాసి, బంగారము చేయు విద్యకై వెఱ్ఱిగా తిరిగినవాడు, ముద్దుల బిడ్డ మరణముతో కనులు తెరచి యోగియగుట ఆ కథ. మోహనాంగిగా యం.వి. రాజమ్మ నటించిరి. పోతన, త్యాగయ్య తొలినుండి భక్తులు. వేమన అట్లు కాదు. మొదట మోహము, పిదప దుఃఖము, తుదకు జ్ఞానము. ఒకే శరీరముతో ముగ్గురు మనుష్యులను చూపవలెను. నాగయ్యగారి చిత్రములలో మొదట చూడదగిన దేదని యెవరైన అడిగినచో, యోగి వేమనయని చెప్పుటకు ఈ రచయిత సంకోచింపడు.

వారి నటనారీతి

వారి నటనలో విశేషమేమని విచారింతము. మొదటిది నిదానము. ఒక మాటకును మరియొక మాటకును నడుమ వారు విడుచు విరామములో అర్థము నిండియుండును. రెండవది గొంతు. అరచుట వారి స్వభావము కాదు. దుఃఖము వచ్చినప్పుడు ఇతరులు గొంతు పెంచిరి, వారు తగ్గించిరి. మూడవది కన్నులు. కరుణ ఆ కన్నులలో సహజము.

లోపములు లేవా? కలవు. ఈ నిదానము కొన్ని చిత్రములలో మందగమనమై విసుగు పుట్టించును. హాస్యము వారికి అంతగా వశము కాలేదు. వీరరసము అసలే కాదు. నందమూరివారి రాజసము, అక్కినేనివారి చిలిపితనము వారినుండి ఆశించుట వృథా. అయితే, పాండురంగ మాహాత్మ్యమున రామారావుగారు, విప్రనారాయణ, భక్త తుకారాం చిత్రములలో నాగేశ్వరరావుగారు భక్తులుగా నటించినప్పుడు, తెలుగు తెరమీద భక్తుడెట్లు నడువవలెనో ముందుగా చూపినవారు నాగయ్యగారేయని మరువరాదు.

సంపాదన, దానము

త్యాగయ్య నాటికి వారి కీర్తి దక్షిణదేశమంతట వ్యాపించెను. చేతినిండ ధనము వచ్చెను. వచ్చినది నిలువలేదు. మద్రాసులో వారి యిల్లు అన్నసత్రమువలె నుండెడిదని సమకాలికులు తలచుకొనిరి. ఉద్యోగము వెదకుచు వచ్చిన నటుడు, చదువుకు సొమ్ములేని విద్యార్థి, బిడ్డ పెండ్లికి దారిలేని తండ్రి, ఎవరు వచ్చినను రిక్తహస్తములతో తిరిగిపోలేదు. ఇచ్చునప్పుడు లెక్క వ్రాసికొనలేదు, ఇచ్చిన పిదప గుర్తుంచుకొనలేదు.

1950లో పక్షిరాజావారి బీదలపాట్లు వచ్చెను. ఫ్రెంచి మహారచయిత విక్టరు హ్యూగో నవలకు తెలుగు, తమిళ రూపమది. రొట్టెముక్క దొంగిలించి కారాగృహమున మ్రగ్గి, ఒక ధర్మాత్ముని దయచే మారి, పిదప పదిమందికి ప్రాణమిచ్చు మనిషి పాత్రను నాగయ్యగారు ధరించిరి. లేనివానికి పెట్టు చేయి వారికి నటనతో వచ్చినది కాదు. అందుచేతనే ఆ పాత్ర వారికి అంతగా అమరినది.

1953లో స్వీయ దర్శకత్వమున నా యిల్లు అను చిత్రమును నిర్మించిరి. చిత్రనిర్మాణము వ్యాపారము. అందు అప్పు, వడ్డీ, పంపిణీదారుల ఒప్పందము, లెక్కల పుస్తకము ఇవన్నియు కావలెను. నాగయ్యగారికి రాగము తెలిసినంతగా లెక్క తెలియదు. ఆదాయము తగ్గినను దానము తగ్గలేదు. క్రమముగా ఆస్తి కరగిపోసాగెను.

రామదాసు

చివరకు వారు తలపెట్టిన మహాకార్యము రామదాసు. భద్రాచల రామునకు ఆలయము కట్టించిన కంచర్ల గోపన్న కథ మన తెలంగాణా కథ. పాల్వంచ తహసీలుదారుగా నుండి సర్కారు సొమ్ముతో రామునకు గుడి కట్టించి, తానీషా కాలమున గోలకొండ చెరసాలలో బాధలు పడిన భక్తుడాయన. ఆ చెరసాలను నేటికిని గోలకొండ కోటలో యాత్రికులు చూచుచున్నారు. చెరసాలలో కవిత్వము పుట్టుట మన జిల్లా వారికి క్రొత్త విషయము కాదు. 1948లో మన నిజామాబాదు కోటలోని జైలున దాశరథిగారు బందీయై, బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిన చరిత్ర మనమెరిగినదే. మన గ్రామములలో పుస్తకములు మోసి తిరిగిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు అప్పుడాయనకు జైలు సహచరులు. ఆ కోటలో రామునకు గుడి యుండుట మరియొక విశేషము.

నాగయ్యగారు ఈ చిత్రమునకు నిర్మాత, దర్శకుడు, నాయకుడు. శక్తికి మించిన భారము నెత్తికెత్తుకొనిరి. కబీరు పాత్రకు హిందీ గాయకుడు మహమ్మదు రఫీగారి చేత పాడించిరి. చిత్రము సంవత్సరముల తరబడి సాగి, 1964లో విడుదలయ్యెను. అప్పటికి నాగయ్యగారికి అరువది యేండ్లు. ప్రేక్షకుల అభిరుచి మారినది. చిత్రము వారి ఋణములు తీర్చలేదు సరికదా, మిగిలినదానిని కూడ హరించినది. గోపన్న సర్కారు సొమ్మును రామునకు వెచ్చించి చెరసాల పాలయ్యెను. నాగయ్యగారు స్వంత సొమ్మును రామదాసునకు వెచ్చించి పేదరికము పాలైరి. గోపన్నను విడిపించుటకు రామలక్ష్మణులు మోహరీలు మోసికొని వచ్చిరని జనశ్రుతి. నాగయ్యగారికొరకు ఎవరును రాలేదు.

2006లో నాగార్జునగారు నటించిన శ్రీరామదాసు చిత్రమును నేటి యువకులు చూచియుందురు. అందలి వైభవము, కెమెరా పనితనము మెచ్చదగినవి. దానిని చూచినవారు అవకాశము దొరకినచో పాత రామదాసును కూడ చూడవలెనని కోరిక. స్వంత సొమ్మును వెచ్చించి తీసినట్టి చిత్రములోని ఆర్తి వేరుగా నుండును.

చివరి దినములు

తరువాత నాగయ్యగారు చిన్న పాత్రలకు దిగవలసి వచ్చెను. ఒకనాటి నాయకుడు తండ్రిగా, తాతగా, మునిగా కనబడసాగెను. అంతకుముందే తెనాలి రామకృష్ణలో తిమ్మరుసుగా, పాండురంగ మాహాత్మ్యమున పుండరీకుని తండ్రిగా చక్కగా నటించియుండిరి. 1963లో విడుదలయైన లవకుశలో వారు వాల్మీకి. ఆ యేడే జూలై నెలలో మన పోచంపాడు ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లవకుశను చూచుటకు ఎడ్లబండ్లు కట్టుకొని పల్లెలకు పల్లెలు పట్టణములకు తరలిన రోజులను మన పెద్దలు నేటికిని చెప్పుకొందురు. రాముడుగా రామారావుగారిని, సీతగా అంజలీదేవిని చూచి మ్రొక్కినవారు, ఆశ్రమములో సీతను బిడ్డవలె ఆదరించు వాల్మీకిని చూచి, తమ యింటి పెద్దను తలచుకొనిరి.

1965లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించెను. బిరుదము గౌరవమునిచ్చినది గాని యింటికి బియ్యము నీయలేదు. వార్ధక్యమున, ఒకప్పుడు తాము భోజనము పెట్టినవారి చిత్రములలోనే ఒకటి రెండు దృశ్యముల పాత్రకై ఎదురు చూడవలసి వచ్చెను. అయినను ఎవరిని నిందించిరన్న మాట వినబడదు. 1973వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన నాగయ్యగారు మద్రాసులో పరమపదించిరి. తరువాత త్యాగరాయనగరులోని పానగల్ ఉద్యానమున వారి విగ్రహమును నెలకొల్పిరి.

ముగింపు

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? దానమే వారిని చెరచినదని కొందరందురు. ముందుచూపు లేకుండుట కళాకారుల సహజ దోషమని మరికొందరందురు. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. బిడ్డల చదువునకు, వార్ధక్యమునకు కొంత దాచుకొనుట ధర్మమే. రైతు కూడ విత్తనము మిగుల్చుకొనియే గింజలు దానము చేయును. నాగయ్యగారు విత్తనము కూడ పంచిరి. దానిని అనుకరింపుడని చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు.

కాని వేరొక ప్రశ్న యున్నది. వారు అవివేకముగా ఇచ్చిరనుట మనకు సులభము. తీసికొన్నవారు ఏమి చేసిరి? ఆ చేతి అన్నము తిని పైకి వచ్చినవారు పదిమంది కలసినను, ఆ వృద్ధునకు చివరి పదేండ్లు నిశ్చింతగా గడచియుండెడివి. దోషము ఇచ్చినవానిపై మోపి తీసికొన్నవారిని విడిచిపెట్టుట న్యాయము కాదు. మన గ్రామమునకును ఇది వర్తించును. ఊరికి బడి కట్టించినవారు, బావి త్రవ్వించినవారు, భజన నేర్పినవారు, వీధి భాగవతము ఆడి మన తాతలను ఆనందింపజేసినవారు ఎక్కడనున్నారో, ఎట్లున్నారో మనము విచారించుచున్నామా?

మరియొక విషయము. 1977లో హైదరాబాదు దూరదర్శనము ప్రారంభమైన తరువాత, పాత చిత్రములు మన యిండ్లలోనికి నడచివచ్చినవి. ఊరిలో ఒక్క టీవీ యున్న యింటిముంగిట చాపలు పరచుకొని జనము కూర్చున్న రోజులు అనేకులకు జ్ఞప్తికి వచ్చును. అది చూచుటకు నాగయ్యగారు లేరు. నేడు చేతిలోని ఫోనులోనే పోతన పాడుచున్నాడు. కాని వెదకువారు ఏరి? బోధను చక్కెర కర్మాగారపు పొగగొట్టము ఒకనాడు మన ప్రాంతమునకు గుర్తు. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. దాని యీల వినని బాలురు పెరిగిపెద్దవారగుచున్నారు. వాడుకలో లేనిది కంటికెదుట నున్నను మరుగున పడును. పాత చిత్రములును అంతియే. ఆనాటి చిత్రములలో అనేకముల ప్రతులు శిథిలమైపోయినవి. మిగిలినవానిని చూచువారు లేనిచో అవియు లేనివానితో సమానమే.

కావున గ్రంథాలయ చందాదారులకు, యువక మిత్రులకు ఒక మనవి. పోతన భాగవతమును, వేమన పద్యములను మన గ్రంథాలయమున చదువుడు. చదివిన పిదప, నెలకొక సాయంకాలము అందరును కలసి ఆ కవులపై వచ్చిన పాత చిత్రమును చూడుడు. చదువరాని పెద్దలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. వారు ఆ ముఖమును గుర్తుపట్టి, ఆ పాటలను తమంత తాము అందుకొందురు. ఆ దినమున పుస్తకము చదివిన మనుమనికిని, పుస్తకము చదువని తాతకును ఒకే కవి పరిచితుడగును. అట్టి సాయంకాలములు మన గ్రంథాలయమున అనేకము జరుగుగాక యని కోరుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.